అటక మీది పెళ్లి క్యాసెట్: పాడవకముందే ఫైలుగా మార్చుకుందాం



ఈ పేజీలో ప్రతి నెలా పిల్లల చదువు గురించి మాట్లాడుకుంటున్నాం. ఈ నెల పాఠం మాత్రం పిల్లలతోపాటు మీకు కూడా. దీనికి పుస్తకం అక్కర్లేదు. మీ ఇంటి అటక మీదో, బీరువా అడుగునో, అమ్మమ్మగారింట్లో ట్రంకుపెట్టెలోనో ఉండిపోయిన ఒక నల్లటి వీడియో క్యాసెట్ ఉంటే చాలు.

నేను మన క్యాంపస్‌లలో ఒకచోట ఏడు, ఎనిమిది తరగతులకు సాంఘిక శాస్త్రం చెబుతాను. ‘చరిత్రకు ఆధారాలు’ అనే పాఠం వచ్చినప్పుడు, మీ ఇంట్లో ఉన్న అతి పాత ఆధారం ఒకటి తీసుకురండి అని పిల్లలకు చెప్పాను. ఒకరు ముత్తాతగారి పట్టాదారు పాస్‌పుస్తకం తెచ్చారు, ఒకరు కంచు చెంబు తెచ్చారు. ఏడో తరగతి పాప ఒకతె అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్ తెచ్చింది. పిల్లలంతా దాని చుట్టూ చేరారు. ఒకడు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. ఇంకొకడు దీన్ని ఎక్కడ నొక్కాలి టీచర్ అని అడిగాడు. అందరూ నవ్వారు. ఆ పాప మాత్రం నవ్వలేదు. “దీన్లో మా తాతయ్య ఉన్నారంట టీచర్. నేను పుట్టకముందే పోయారు. మా ఇంట్లో ఇది ఆడే మిషన్ లేదు” అంది.

ఈ పాఠం ఆ మాట నుంచే వచ్చింది. అక్టోబర్ 27ను యునెస్కో ప్రపంచ దృశ్య శ్రవణ వారసత్వ దినోత్సవంగా ప్రకటించింది. పెద్ద పెద్ద సంస్థలు సినిమాలను, రేడియో రికార్డులను కాపాడతాయి. మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ 1931లో విడుదలైంది. ఇవాళ దాని ప్రతి ఒక్కటి కూడా దొరకడం లేదు. దేశమంతా చూసిన సినిమాకే ఆ గతి పట్టినప్పుడు, ఒకే ఒక్క ప్రతి ఉన్న మన ఇంటి క్యాసెట్‌ను కాపాడాల్సింది మనమే.

ఇప్పుడే ఎందుకు?

వీహెచ్‌ఎస్ క్యాసెట్ 1976లో జపాన్‌లో పుట్టింది. మన దేశంలో 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల ఏడాది, టీవీలో రంగుల ప్రసారాలు మొదలయ్యాయి. ఆ తర్వాతే వీడియో మన ఊళ్లలోకి వచ్చింది. వీసీపీ అద్దెకు తెచ్చుకుని రాత్రంతా వరసగా మూడు సినిమాలు చూసిన జ్ఞాపకం మీలో చాలామందికి ఉంటుంది. పెళ్లిపందిట్లో కళ్లు జిగేల్‌మనే వీడియో లైటు, దాని వైరు పట్టుకుని వెనకాల తిరిగే కుర్రాడు కూడా గుర్తుండే ఉంటారు. ఆ రోజుల్లో తీసినవే ఈ క్యాసెట్లు. వాటి వయసు ఇప్పుడు ఇరవై నుంచి నలభై ఏళ్లు.

వీటికి రెండు వైపుల నుంచి ముప్పు ఉంది. మొదటిది యంత్రం. వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన చివరి పెద్ద కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయి, 2016 జులైలో ఆ పని ఆపేసింది. ఉన్న యంత్రాలు అరుగుతున్నాయి, విడిభాగాలు దొరకడం లేదు, బాగుచేయడం తెలిసిన మెకానిక్‌లు పెద్దవాళ్లయిపోతున్నారు. రెండోది టేపు. సన్నటి ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత గుణం ఉన్న పొడిని ఒక జిగురుతో అంటించి టేపు తయారుచేస్తారు. మన బొమ్మ, మన గొంతు ఆ పొడిలో ఉంటాయి. ఏళ్ల తరబడి గాలిలోని తేమ తగిలి జిగురు మెత్తబడుతుంది. పొడి రాలుతుంది. తేమ ఎక్కువగా ఉండే చోట టేపు అంచులకు తెల్లటి బూజు పడుతుంది. సముద్ర తీరపు ఊళ్లలోని ఇళ్లకూ, వర్షాకాలంలో గోడలు చెమ్మగిల్లే ఇళ్లకూ ఈ బెడద ఎక్కువ. ఎండాకాలంలో రేకుల కింద మరిగే అటక ఇంకో రకంగా చెరుపు చేస్తుంది.

ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం 2015లోనే ఒక హెచ్చరిక చేసింది. దాని పేరు ‘డెడ్‌లైన్ 2025’. 2025 లోగా డిజిటల్‌లోకి మార్చని టేపుల్లో చాలా వాటిని ఆ తర్వాత కాపాడుకోలేమన్నది దాని సారాంశం. గడువు దాటగానే అన్నీ ఒక్క రాత్రిలో చెరిగిపోతాయని కాదు. ఏడాది గడిచేకొద్దీ పని కష్టమవుతుంది, ఖర్చు పెరుగుతుంది. అందుకే వచ్చే వేసవి సెలవుల దాకా ఆగవద్దని నా మనవి.

ముందు మీ దగ్గర ఉన్నదేమిటో గుర్తుపట్టండి

అన్ని పాత వీడియోలూ ఒకటి కావు. చేతిలోకి తీసుకుని చూస్తే తెలిసిపోతుంది.

పుస్తకమంత పెద్ద నల్ల క్యాసెట్ అయితే వీహెచ్‌ఎస్. లోపలి టేపు వెడల్పు 12.7 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం. పెళ్లి క్యాసెట్లలో ఎక్కువ ఇవే.

అరచేతిలో ఇమిడే చిన్న క్యాసెట్ అయితే దాని మీది గుర్తు చదవండి. వీహెచ్‌ఎస్-సి అని ఉంటే, దాన్ని పెద్ద క్యాసెట్ ఆకారంలో ఉండే ఒక అడాప్టర్‌లో పెట్టి మామూలు వీసీఆర్‌లోనే ఆడించవచ్చు. వీడియో8, హై8 అని ఉంటే మాత్రం టేపు వెడల్పే 8 మిల్లీమీటర్లు. వీసీఆర్‌లో ఆడదు, ఆడించే అడాప్టర్ కూడా లేదు. దాన్ని తీసిన రకం కెమెరా గానీ, దానికి సరిపోయే ప్లేయర్ గానీ కావాలి. పాత కెమెరా పనిచేయడం లేదని పారేసే ముందు ఇది గుర్తుంచుకోండి.

అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదిగా ఉండి మినీ డీవీ అని రాసి ఉంటే, అందులో ఉన్నది ఇప్పటికే డిజిటల్. ఈ రకం 1995 నుంచి వచ్చింది. కెమెరాను ఫైర్‌వైర్ అనే కేబుల్‌తో, ఆ సాకెట్ ఉన్న పాత కంప్యూటర్‌కు కలిపి ఉన్నదున్నట్టు కాపీ చేసుకోవాలి. గంట వీడియోకు సుమారు 13 జీబీ అవుతుంది. మెరిసే సీడీ అయితే అది వీసీడీ. దాన్ని కంప్యూటర్‌లో తెరిస్తే లోపల డాట్ అనే కొసరు పేరుతో ఫైలు ఉంటుంది. ముందు ఆ ఫైలును కాపీ చేసుకోండి. సీడీ మీది గీతలు రోజురోజుకూ పెరుగుతాయే తప్ప తగ్గవు.

కొన్ని ఇళ్లలో, ముఖ్యంగా 1960లు, 70లలో విదేశాల్లో చదువుకున్నవాళ్లు ఉన్న కుటుంబాల్లో, అసలైన ఫిల్ము రీళ్లు ఉంటాయి. వెలుతురుకు పట్టి చూస్తే ఒక్కో బొమ్మా కంటికి కనిపిస్తుంది. 8 మిల్లీమీటర్ల ఫిల్మును కొడాక్ 1932లో, సూపర్ 8ను 1965లో తెచ్చింది. సూపర్ 8 రీలు 50 అడుగులు. సెకనుకు 18 బొమ్మల చొప్పున మూడు నిమిషాల ఇరవై సెకన్లు ఆడుతుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే ఫిల్ము లోపల కుళ్లడం మొదలైందని అర్థం. దాన్ని మిగతా రీళ్లకు దూరంగా పెట్టి అన్నిటికన్నా ముందు మార్పించండి. పాత ప్రొజెక్టర్ దొరికింది కదా అని అందులో తిప్పవద్దు. ఏళ్లకు కుంచించుకుపోయిన ఫిల్ము పళ్లచక్రాల మీద తెగిపోతుంది. ఒక్కో బొమ్మనూ విడిగా స్కాన్ చేసే చోటికే ఇవ్వాలి.

అమెరికా నుంచి బంధువులు పంపిన క్యాసెట్లు ఉన్నవాళ్లకు ఒక మాట. మన పద్ధతి పాల్. అందులో సెకనుకు 25 బొమ్మలు, 625 గీతలు ఉంటాయి. వాళ్లది ఎన్‌టీఎస్‌సీ. దానిలో సెకనుకు దాదాపు 30 బొమ్మలు, 525 గీతలు. అక్కడ తీసిన సీమంతం క్యాసెట్ ఇక్కడి వీసీఆర్‌లో నలుపు తెలుపుల్లో కనిపించినా, బొమ్మ దొర్లిపోతున్నా క్యాసెట్ చెడిపోయిందని అనుకోకండి. రెండు పద్ధతులూ ఆడే మల్టీ సిస్టమ్ వీసీఆర్‌లో పెట్టి చూడాలి.

యంత్రంలో పెట్టే ముందు

ఇక్కడే చాలామంది తొందరపడతారు. కాస్త ఓపిక పట్టండి.

క్యాసెట్ వీపున ఎడమవైపు ఒక చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది ఇంకా ఉంటే విరిచేయండి. ఆ తర్వాత పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాత వీడియో చెరగదు.

కిటికీలోంచి టేపు చుట్టను లైటు కింద చూడండి. తెల్లటి చుక్కలో, పొడో కనిపిస్తే అది బూజు. అలాంటి క్యాసెట్‌ను వీసీఆర్‌లో పెట్టకూడదు. బూజు వీసీఆర్ హెడ్‌లకు అంటుకుని, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. దాన్ని ఒక కవర్‌లో విడిగా పెట్టి, శుభ్రం చేయడం తెలిసినవారికి ఇవ్వండి. పిల్లల చేతికి ఇవ్వకండి.

చల్లని గది నుంచి తెచ్చిన క్యాసెట్‌ను గది వాతావరణానికి అలవాటు పడేవరకు కొన్ని గంటలు బయట ఉంచండి. తర్వాత ముందుకు చివరిదాకా, వెనక్కి మొదటిదాకా ఒకసారి తిప్పండి. ఏళ్ల తరబడి ఒకే చోట బిగుసుకున్న టేపు వదులవుతుంది. కిర్రుమని చప్పుడు వచ్చినా, మధ్యలో ఆగినా బలవంతం చేయకండి. తెగిన టేపును మామూలు సెల్లోటేప్‌తో అతికించకండి. ఆ జిగురు హెడ్‌కు అంటుకుంటుంది. హెడ్‌ను దూదిపుల్లతో తుడవడం కూడా ప్రమాదమే, పోగులు చిక్కుకుంటాయి. ఆ పని మెకానిక్‌కు వదిలేయండి.

మొట్టమొదట మీ పెళ్లి క్యాసెట్‌నే పెట్టకండి. పోయినా ఫరవాలేదనుకునే పాత సినిమా క్యాసెట్ ఒకటి ఆడించి, యంత్రం టేపును నమలడం లేదని రూఢి చేసుకోండి.

ఇంట్లోనే మార్చుకోవాలంటే

పనిచేసే వీసీఆర్ ఒకటి, యూఎస్‌బీ వీడియో క్యాప్చర్ పరికరం ఒకటి, ఒక కంప్యూటర్ ఉంటే చాలు. వీసీఆర్ బంధువుల ఇళ్లలో, పాత ఎలక్ట్రానిక్స్ బాగుచేసే దుకాణాల్లో వెతికితే దొరకవచ్చు.

1. వీసీఆర్ వెనక ఉన్న అవుట్ సాకెట్ల నుంచి కేబుల్ కలపండి. పసుపు రంగుది బొమ్మకు, తెలుపు, ఎరుపు శబ్దానికి. పాత వీసీఆర్‌లో శబ్దానికి ఒకే సాకెట్ ఉంటే తెలుపు కలిపితే సరిపోతుంది.

2. కేబుల్ రెండో కొసలు క్యాప్చర్ పరికరానికి, అది కంప్యూటర్‌కు. రికార్డు చేయడానికి ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.

3. సెట్టింగుల్లో పాల్ ఎంచుకోండి. బొమ్మ కొలత 720, 576. సెకనుకు 25 ఫ్రేములు. ఆకారం 4:3. ఇప్పటి టీవీ నిండేలా సాగదీయకండి. అలా చేస్తే నాయనమ్మ ముఖం పక్కలకు ఉబ్బిపోతుంది.

4. కదిలే మనుషుల అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే కంగారు పడవద్దు. పాత వీడియో ఒక్కో బొమ్మనూ రెండు సగాలుగా, సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి పంపుతుంది. ఓబీఎస్‌లో డీఇంటర్లేసింగ్ అనే ఎంపిక పెడితే గీతలు పోతాయి.

5. రెండు నిమిషాలు రికార్డు చేసి ఆపి చూడండి. శబ్దం వస్తోందా, పెదవుల కదలికకు మాట సరిపోతోందా గమనించండి. మూడు గంటలు రికార్డయ్యాక శబ్దమే లేదని తెలిస్తే టేపును మళ్లీ అరగదీయాల్సి వస్తుంది.

6. ఆ తర్వాత మొదటి నుంచి చివరిదాకా, ఆపకుండా. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలు పడుతుంది. దీనికి అడ్డదారి లేదు.

ఒక హెచ్చరిక. అప్పగింతలు అయిపోయి తెర నీలంగా మారగానే ఆపేయకండి. టేపు మిగిలిందని తర్వాత ఏ బారసాలో, కొత్త ఇంటి గృహప్రవేశమో ఎక్కించి ఉండవచ్చు. చివరిదాకా తిప్పి చూశాకే ఆపండి.

దుకాణానికి ఇచ్చేటట్టయితే

ఇక్కడ నా అనుభవం చెప్పాలి. 2008లో మా అమ్మానాన్నల షష్టిపూర్తి క్యాసెట్‌ను ఒక దుకాణంలో ఇచ్చి డీవీడీ చేయించాను. చూడ్డానికి బొమ్మ చక్కగా ఉంది. కానీ ఆయన మాకు మేలు చేద్దామనుకుని, జనం గోల ఎందుకులే అని అసలు శబ్దం తీసేసి మొత్తం సన్నాయి సంగీతం పెట్టారు. ఆశీర్వచనం దగ్గర మా అమ్మమ్మ మైకు పట్టుకుని ఏదో చెబుతుంది. పెదవులు కదులుతాయి. సన్నాయి వినిపిస్తుంది. డీవీడీ వచ్చింది కదా, ఇక ఇదెందుకు అని అసలు క్యాసెట్‌ను నేనే పాత సామాన్లవాడికి వేశాను. అమ్మమ్మ గొంతు ఇంకెక్కడా లేదు. తప్పు దుకాణం వారిది సగం, నాది సగం. నేను అడగలేదు, వినకుండా క్యాసెట్ పారేశాను.

అందుకే మీరు ఇచ్చే ముందు ఈ మాటలు అడగండి.

క్యాసెట్ మొత్తం ఎక్కడా కత్తిరించకుండా ఇస్తారా? అసలు శబ్దాన్ని ఉన్నదున్నట్టు ఉంచుతారా? డీవీడీ కాకుండా ఎంపీ4 ఫైలుగా, మేం తెచ్చిన హార్డ్‌డిస్క్‌లో వేస్తారా? 4:3 ఆకారాన్ని మార్చకుండా ఉంచుతారా? పని మీ దుకాణంలోనే చేస్తారా, వేరే ఊరికి పంపుతారా? పనయ్యాక మీ కంప్యూటర్‌లోని ప్రతిని తీసేస్తారా?

అన్ని క్యాసెట్లూ ఒకేసారి ఇవ్వకండి. ప్రతిదానికీ నంబరు రాసి, ఫోన్‌తో ఫొటో తీసి, ముందు ఒక్కటి ఇచ్చి చూడండి. పాత బొమ్మను కృత్రిమ మేధతో కొత్తదానిలా మెరిపిస్తామని ఎవరైనా అంటే, అది విడిగా ఇంకో ప్రతిగా మాత్రమే చేయించుకోండి. ఆ పద్ధతి మసకగా ఉన్న ముఖంలో లేని వివరాలను ఊహించి నింపుతుంది. చూసేటప్పుడు బాగుంటుంది కానీ అది మీ పెదనాన్న ముఖం కాకపోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం: ఫైలు మొదటి నుంచి చివరిదాకా చూసి, విని, కాపీలు చేసుకున్నాక కూడా అసలు క్యాసెట్‌ను పారేయకండి. తిరగేసి, పుస్తకంలా నిలబెట్టి, చల్లని పొడి చోట, స్పీకర్లకు దూరంగా ఉంచండి.

ఫైలు వచ్చాక

ఫైలుగా మారగానే పని అయిపోయినట్టు కాదు. పెన్‌డ్రైవ్ పోతుంది, ఫోన్ పగులుతుంది, హార్డ్‌డిస్క్ ఒక ఉదయం తెరుచుకోదు. భాండాగారాల వాళ్లు పాటించే లెక్క చిన్నది: మూడు, రెండు, ఒకటి. మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి. ఒక ప్రతి వేరే చోట ఉండాలి. మీ హార్డ్‌డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి, ఊళ్లో తమ్ముడింట్లో ఇంకో డిస్క్‌లో ఒకటి అనుకోండి. ఏడాదికోసారి, సంక్రాంతి సెలవుల్లో అందరూ కలిసినప్పుడు, తెరిచి ఆడుతున్నాయో లేదో చూసుకోండి.

ఫైలు పేరు సంవత్సరంతో మొదలుపెట్టండి. సంవత్సరం, నెల, సందర్భం, ఊరు అన్న వరసలో రాస్తే అన్నీ వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. ‘న్యూ వీడియో ఫైనల్’ అని పెడితే పదేళ్ల తర్వాత మీకే తెలియదు.

వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది ఫైలును కుదించేస్తుంది. కుటుంబం గ్రూపులో పెట్టడానికి అది చాలు గానీ, దాచుకునే ప్రతి అది కాకూడదు. యూట్యూబ్‌లో పెట్టేటట్టయితే ప్రైవేట్‌గా ఉంచండి. మన పెళ్లి క్యాసెట్ల నిండా మిక్సింగ్‌లో కలిపిన సినిమా పాటలే కాబట్టి కాపీరైట్ అభ్యంతరాలు రావచ్చు, ఒక్కోసారి శబ్దం ఆగిపోవచ్చు. అంతకన్నా పెద్ద విషయం, అందులో ఉన్న చిన్నపిల్లలు ఇవాళ పెద్దవాళ్లు. వాళ్లనూ ఒక మాట అడగాలి.

అసలు పాఠం ఇక్కడ ఉంది

సాంకేతికంగా అన్నీ సరిగా చేసినా ఒక్క పని మరిచిపోతే క్యాసెట్ సగం మూగదే. అందులో ఉన్నవాళ్లు ఎవరో చెప్పగలిగిన మనిషి మన మధ్య ఉండగానే చూడాలి.

మా ఇంట్లో ఇంకో క్యాసెట్ దొరికింది. దాన్ని జాగ్రత్తగా, అసలు శబ్దంతోనే మార్పించాను. అందులో మా మేనత్త పెళ్లిలో, పంచె కట్టుకున్న ఒక పెద్దాయన వడ్డన దగ్గర నిలబడి ప్రతి విస్తరి దగ్గరా వంగి అడుగుతుంటాడు. గంటసేపు ఆయనే కనిపిస్తాడు. ఇంటి మనిషిలా తిరుగుతాడు. ఎవరో మాకెవరికీ తెలియదు. నాన్నకు తెలిసి ఉండేది. నాన్న అంతకు ముందు ఏడాదే వెళ్లిపోయారు. క్యాసెట్ ఇరవై ఏళ్లు మా బీరువాలోనే ఉంది.

కాబట్టి ఫైలు చేతికి రాగానే తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మల పక్కన మీ పిల్లల్ని కూర్చోబెట్టండి. టీవీలో వీడియో ఆడించండి. పక్కనే ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టండి. ప్రతి రెండు మూడు నిమిషాలకూ ఆపి పిల్లల చేత అడిగించండి. ఈయన ఎవరు? మనకేమవుతారు? ఈ ఇల్లు ఇప్పుడుందా? ఈ కూర పేరేంటి? పందిరి ఎవరు వేశారు? ఎందుకు ఏడుస్తున్నారు? చెప్పేవాళ్లు తడబడినా, తేదీలు తప్పు చెప్పినా దిద్దకండి. ముందు చెప్పనివ్వండి. ఆ రికార్డింగ్‌ను కూడా వీడియో పక్కనే దాచండి. నిజానికి రెండిట్లో దానికే విలువ ఎక్కువ.

ఒకటి గమనించండి. కొన్ని క్యాసెట్లు పెద్దవాళ్లకు బాధ కలిగిస్తాయి. పోయినవాళ్లు హఠాత్తుగా తెర మీద నవ్వుతూ కనిపిస్తారు. ముందే చెప్పి, చూడాలనుకుంటేనే చూపించండి. వద్దంటే ఆ రోజుకు ఆపేయండి.

పిల్లలతో చేయించదగిన పనులు

మూడు నుంచి ఐదు తరగతులు: వీడియోలోని ఒక్క దృశ్యాన్ని ఆపి, అందులో ఉన్నవాళ్ల పేర్లు, వరసలు రాయాలి. పిన్ని, బాబాయి, వదిన, వియ్యపురాలు అంటే ఎవరో పెద్దలను అడిగి తెలుసుకోవాలి.

ఆరు నుంచి ఎనిమిది తరగతులు: వీడియోలో ఉండి ఇప్పుడు మన ఇళ్లలో కనిపించని వస్తువులు ఐదు, అప్పుడూ ఇప్పుడూ ఉన్నవి ఐదు రాయాలి. ఒక్కో వస్తువు గురించి పెద్దలు చెప్పిన ఒక మాట చేర్చాలి.

తొమ్మిది, పది తరగతులకు లెక్కలు. ఒకటి: పాల్ వీసీఆర్‌లో టేపు సెకనుకు 23.39 మిల్లీమీటర్లు కదులుతుంది. మూడు గంటల క్యాసెట్‌లో ఎన్ని మీటర్ల టేపు కావాలి? జవాబు దాదాపు 253 మీటర్లు, అంటే పావు కిలోమీటరు. రెండు: టేపు ఇంత నెమ్మదిగా నడుస్తుంటే అంత వివరం ఎలా పట్టింది? హెడ్‌లున్న డ్రమ్ము వ్యాసం 62 మిల్లీమీటర్లు, సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. చుట్టుకొలత కట్టి హెడ్ వేగం చెప్పండి. సెకనుకు సుమారు 4.87 మీటర్లు వస్తుంది. టేపు నెమ్మదిగా నడిచినా హెడ్ దాని మీద ఏటవాలుగా పరుగెత్తుతూ గీతలు గీసింది. అదే కిటుకు. మూడు: సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున ఫైలు చేస్తే గంటకు ఎన్ని జీబీ? ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు 1 మెగాబైటు, గంటకు 3,600 మెగాబైట్లు, అంటే 3.6 జీబీ. మూడు గంటల పెళ్లికి ఎంత పెన్‌డ్రైవ్ కావాలో ఇప్పుడు పిల్లలే చెప్పగలరు.

మీ పిల్లలు రాసిన పేజీని ఈ నెలాఖరులోగా క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. వీడియో పంపనక్కర్లేదు, అది మీ ఇంటిది. క్యాసెట్ లేనివాళ్లు బెంగపడవద్దు. పాత ఫొటో ఆల్బమ్ ఒకటి ముందు పెట్టుకుని, ఇవే ప్రశ్నలు అడిగి రికార్డు చేయండి.

క్యాసెట్ తెచ్చిన పాప సంగతి చెప్పి ముగిస్తాను. వాళ్ల నాన్నగారు వీసీఆర్ సంపాదించి రెండు ఆదివారాలు కూర్చుని మార్చారు. మూడు గంటల వీడియోలో తాతయ్య కనిపించింది నాలుగు చోట్లే, అన్నీ కలిపి రెండు నిమిషాలు కూడా లేదట. మాట ఒక్కటే వినిపించింది. ఎవరినో కేకేసి, భోజనాలకు పిలవమని చెబుతున్నారు. ఆ పాప తన పేజీలో ఇలా రాసింది: మా తాతయ్య నడిచేటప్పుడు ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుంటారు. మా నాన్న కూడా అలాగే నడుస్తారు. ఇన్నాళ్లూ అది నాన్న అలవాటు అనుకున్నాను.

మీ బీరువా అడుగున ఏముందో ఈ ఆదివారం ఒకసారి చూడండి.